స్కాట్లాండ్‌లో అన్నీ ఫ్రీ అంటారు, మరి ఈ క్యూలేంటి? ఇల్లిల్లూ తిరిగే ఒక పార్టీ కార్యకర్త జవాబు

మీరు అడిగింది ఇదీ: మూడు నెలల కిందట స్కిల్డ్ వర్కర్ వీసా మీద గ్లాస్గో వచ్చారు. మొన్న శనివారం ఎవరో పార్టీ వాళ్లు తలుపు కొట్టి, వచ్చే మే నెలలో ఎన్నికలు, మాకే ఓటేయండి అన్నారు. అసలు మాకు ఓటుందా? మందులు ఫ్రీ, బస్సు ఫ్రీ, చదువు ఫ్రీ అంటారు గానీ డాక్టరు అపాయింట్‌మెంటుకే మూడు వారాలు ఆగమంటున్నారు. పైగా ఇంగ్లండ్‌లో ఉన్న తమ్ముడి కంటే పన్ను ఎక్కువ పడుతోంది. ఇదంతా ఎవరి చేతిలో ఉంది, ఎవరిని నమ్మాలి? మా పాపకు బస్సు కార్డు ఎలా తీసుకోవాలి?

ముందు జవాబు. మీకు ఓటుంది, వెంటనే నమోదు చేసుకోండి. ఫ్రీ అన్నవి నిజంగానే ఫ్రీ, వాటిలో చాలావరకు వీసా మీద ఉన్న మీకూ వర్తిస్తాయి. క్యూలూ నిజమే. కానీ మందులు ఫ్రీగా ఇవ్వబట్టి ఆసుపత్రిలో క్యూ వచ్చిందనే మాట నేను ఒప్పుకోను. ముసలివాళ్లను ఇంటి దగ్గర చూసుకునే మనుషులు దొరక్క, ఆసుపత్రి మంచాలు ఖాళీ కాకపోవడం అసలు ముడి. ఏ పార్టీ వాళ్లు తలుపు కొట్టినా ఆ ముడి ఎలా విప్పుతారో అడగండి. మా పార్టీ వాళ్లనైనా సరే.

మా పార్టీ అన్నాను కాబట్టి నేనెవరో చెప్పకపోతే మోసం చేసినట్టే. 2009లో మా ఆయన ఉద్యోగం మీద డిపెండెంట్‌గా వచ్చాను. గ్లాస్గో దక్షిణ భాగంలో ఒక మందుల షాపులో డిస్పెన్సర్‌గా పనిచేస్తున్నాను, అంటే చీటీ చూసి మందులు లెక్కపెట్టి సంచీలో పెట్టే మనిషిని. 2014 శరదృతువులో స్కాటిష్ నేషనల్ పార్టీ, అదే ఎస్‌ఎన్‌పీలో చేరాను. అప్పటి నుంచి మా శాఖలో కరపత్రాలు పంచడం దగ్గర నుంచి పోలింగ్ రోజు బూత్ బయట నిలబడటం దాకా అన్నీ చేశాను. కాబట్టి నా మాటలు ఒక పార్టీ మనిషి మాటలనే లెక్కలో వినండి.

ఓటు సంగతి

భారత పౌరులు ఇక్కడి చట్టం ప్రకారం కామన్వెల్త్ పౌరులు. చెల్లే వీసాతో ఇక్కడ ఉంటే చాలు, స్కాటిష్ పార్లమెంటుకు, స్థానిక కౌన్సిల్‌కు, లండన్ పార్లమెంటుకు కూడా ఓటేయొచ్చు. 2020 చట్టం తర్వాత, ఉండటానికి అనుమతి ఉన్న ఏ దేశం వాళ్లైనా స్కాట్లాండ్ ఎన్నికల్లో ఓటేయొచ్చు. మనకు మాత్రం అంతకుముందు నుంచే ఉంది. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా అన్న 2014 స్వాతంత్ర్య రెఫరెండంలో నేను ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఓటేశాను. మా పక్క ఫ్లాట్‌లో పోలండ్ ఆవిడ కూడా వేసింది. రెండేళ్ల తర్వాత బ్రెగ్జిట్ రెఫరెండం వచ్చినప్పుడు నాకు ఓటుంది, ఆవిడకు లేదు. తన బతుకు మీద జరిగే ఓటింగ్‌లో తనకే ఓటు లేదని ఆవిడ మెట్ల మీద కూర్చుని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

పోలింగ్‌కు 12 పనిదినాల ముందే నమోదు పూర్తవ్వాలి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. ఓటర్ల జాబితాలో పేరుంటే మీ క్రెడిట్ రికార్డుకు కూడా మంచిది, రేపు మార్ట్‌గేజ్‌కు వెళ్లినప్పుడు తెలుస్తుంది. స్కాట్లాండ్ ఎన్నికల్లో 16 ఏళ్లకే ఓటు. స్కాటిష్ పార్లమెంటు, కౌన్సిల్ ఎన్నికలకు బూత్‌లో ఫొటో ఐడీ అడగరు. లండన్ పార్లమెంటు ఎన్నికకు మాత్రం అడుగుతారు.

2026 మే 7న జరిగే స్కాటిష్ పార్లమెంటు ఎన్నికలో మీ చేతికి రెండు బ్యాలెట్లు ఇస్తారు. ఒకటి నియోజకవర్గానికి, మన ఎమ్మెల్యే ఎన్నికలాంటిదే, ఎక్కువ ఓట్లొచ్చిన వాళ్లు గెలుస్తారు. రెండోది ప్రాంతీయ జాబితాకు, అక్కడ మనిషికి కాదు, పార్టీకి వేస్తాం. మొత్తం 129 సీట్లలో 73 మొదటి రకం, 56 రెండో రకం. నియోజకవర్గాల్లో ఎక్కువ గెలిచిన పార్టీకి జాబితాలో సీట్లు తగ్గేలా లెక్క కట్టారు. 2021లో మా పార్టీకి జాబితాలో పది లక్షలకు పైగా ఓట్లు పడితే వచ్చిన సీట్లు రెండే, ఎందుకంటే నియోజకవర్గాల్లో అప్పటికే 62 గెలిచాం. కన్జర్వేటివ్‌లు నియోజకవర్గాల్లో 5 గెలిచి జాబితాలో 26 తెచ్చుకున్నారు. ఇది తెలియక చాలామంది రెండు కాగితాల మీదా ఒకే ఆలోచనతో టిక్కు పెడతారు. (రెండూ మాకే వేయమని మా పార్టీ కరపత్రంలో ఉంటుంది. నేనూ అదే పంచుతాను. మీరు మాత్రం లెక్క తెలుసుకుని వేయండి.)

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మీకు ఒక నియోజకవర్గ సభ్యుడితో పాటు ప్రాంతం నుంచి మరో ఏడుగురు ఉంటారు. సమస్య వస్తే ఆ ఎనిమిది మందిలో ఎవరికైనా మెయిల్ పెట్టొచ్చు. మీరు ఓటేయని పార్టీ వాళ్లైనా పట్టించుకోవాల్సిందే, చాలామంది పట్టించుకుంటారు కూడా.

ఏది ఎవరి చేతిలో ఉంది

నేను తలుపులు కొట్టినప్పుడు సగం సమయం ఇది విడమర్చి చెప్పడానికే పోతుంది. వీసా, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలో కోసే మరో పన్నులాంటిది), పెన్షన్, రక్షణ, ఉద్యోగ చట్టాలు లండన్ చేతిలో. ఆసుపత్రులు, పోలీసు, కోర్టులు, రైళ్లు, ఇళ్ల అద్దె చట్టాలు, జీతం మీద ఆదాయపు పన్ను రేట్లు ఎడిన్‌బరోలోని హోలీరూడ్, అంటే స్కాటిష్ పార్లమెంటు చేతిలో. బడులు నడపడం, చెత్త తీయడం, వీధి రోడ్లు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ కౌన్సిల్ చేతిలో. కౌన్సిళ్లు 32 ఉన్నాయి, ప్రాంతాల వారీగా ఆసుపత్రులు చూసే హెల్త్ బోర్డులు 14.

చెప్పడానికి శుభ్రంగా ఉంది గానీ తలుపు దగ్గర ఇలా విడదీయడం కుదరదు. కౌన్సిల్ ఖర్చుకు ఎక్కువ డబ్బు ఎడిన్‌బరో నుంచే వస్తుంది, మీరు కట్టే ఇంటి పన్ను, అంటే కౌన్సిల్ ట్యాక్స్ అందులో ఐదో వంతు కూడా ఉండదు. ఎడిన్‌బరోకు వచ్చే డబ్బులో పెద్ద ముక్క లండన్ ఇచ్చేదే. ఇంగ్లండ్‌లో ఆరోగ్యం, చదువులాంటి వాటి మీద ఖర్చు పెరిగితే జనాభా లెక్కన ఇక్కడికీ వాటా వస్తుంది, తగ్గితే తగ్గుతుంది. దీన్ని బార్నెట్ ఫార్ములా అంటారు. దాంతో కౌన్సిల్ వాళ్లు ఎడిన్‌బరో వైపు, ఎడిన్‌బరో వాళ్లు లండన్ వైపు వేలు చూపిస్తారు. మేం కార్యకర్తలం కూడా ఆ విద్యలో ఆరితేరాం. మా పార్టీ 2007 నుంచి అధికారంలో ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా తప్పంతా లండన్‌దే అంటే నాకే నోరు రాదు.

కౌన్సిల్ ట్యాక్స్‌నే తీసుకోండి. మీ ఇల్లు ఏ బ్యాండ్‌లో, అంటే ఏ పన్ను తరగతిలో ఉందనేది 1991 నాటి ధరను బట్టి. అప్పటి నుంచి విలువ మళ్లీ కట్టలేదు. మా ప్రభుత్వం 2008 నుంచి తొమ్మిదేళ్లు ఈ పన్ను పెరగకుండా ఆపింది, 2024లో మళ్లీ ఆపింది. ఓటర్లకు నచ్చింది, నేనూ కరపత్రం మీద పెద్ద అక్షరాలతో అదే పంచాను. కౌన్సిళ్లు మాత్రం ఎండిపోయాయి. ఆపడం మానేసిన 2025లో ఫాల్కర్క్‌లో ఒకేసారి 15.6 శాతం పెరిగింది. లైబ్రరీ వేళలు ఎందుకు తగ్గాయి, గుంతలు ఎందుకు పూడ్చరు అని అడిగేవాళ్లకు నా నిజాయితీ జవాబు ఇక్కడే ఉంది.

ఫ్రీ వెనక లెక్క

నేను వచ్చిన ఏడాది ఇక్కడ చీటీలో ఒక్కో మందుకు 4 పౌండ్లు. తర్వాతి ఏడాది 3. 2011 ఏప్రిల్ నుంచి సున్నా. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. ఆ 2011కు ముందు కౌంటర్ దగ్గర చూసిన దృశ్యం నాకు ఇప్పటికీ గుర్తు: చీటీలో నాలుగు మందులుంటే మనిషి గొంతు తగ్గించి, "వీటిలో ఏది లేకపోయినా ఈ నెల నడుస్తుంది?" అని అడిగేవాడు. ఆస్తమా ఇన్‌హేలర్ వదిలేసి నొప్పి మాత్రలు తీసుకెళ్లినవాళ్లున్నారు. ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అందుకే మందుల ఫ్రీని తీసేయమనే వాళ్లతో నాకు పడదు. డబ్బున్నవాడికి కూడా ఫ్రీ ఎందుకు అంటారు. ఎవడికి ఉంది, ఎవడికి లేదు అని కౌంటర్ దగ్గర తేల్చే పని పెట్టుకుంటే దానికో ఆఫీసు, ఫారాలు, అప్పీళ్లు. మన దగ్గర తెల్ల కార్డు తంటాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఒక నిజం కూడా చెప్పాలి, మా వాళ్లు దీన్ని తరచూ మర్చిపోతారు. ఈ ఫ్రీలన్నీ మేం తెచ్చినవి కావు. 65 దాటినవాళ్లకు వ్యక్తిగత సంరక్షణ 2002లో ఫ్రీ అయింది, 60 దాటినవాళ్లకు దేశమంతటా బస్సు, అందరికీ కంటి పరీక్ష 2006లో ఫ్రీ అయ్యాయి. ఇవన్నీ లేబర్, లిబరల్ డెమొక్రాట్లు కలిసి నడిపిన ప్రభుత్వంలోవి. 22 లోపు వాళ్లకు బస్సు 2022 జనవరిలో మేమిచ్చాం, దాని కోసం బడ్జెట్ బేరంలో పట్టుబట్టింది గ్రీన్స్. మందులు, చదువు అయ్యాక కట్టాల్సిన కాలేజీ రుసుము మాఫీ, పుట్టిన బిడ్డకు వస్తువులిచ్చే బేబీ బాక్స్, మూడు నాలుగేళ్ల పిల్లలకు ఏడాదికి 1,140 గంటల నర్సరీ మావి.

మీ వీసాకు సంబంధించి: పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ భత్యాలు వాడకూడదు అన్న షరతు చూసి మనవాళ్లు అన్నింటికీ భయపడతారు. డాక్టరు, ఆసుపత్రి, మందులు వాడుకోవచ్చు. వీసాకు హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు కట్టి వచ్చారు, ఎవరూ మీకు దానం చేయడం లేదు. ప్రైమరీ 1 నుంచి 5 దాకా బడి భోజనం, పిల్లల బస్సు కార్డు, నర్సరీ గంటలు ఆ షరతు కిందికి రావు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పిల్లల కోసం ఇచ్చే స్కాటిష్ చైల్డ్ పేమెంట్ మాత్రం అడగకండి, అది పబ్లిక్ ఫండ్స్ కిందే లెక్క. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ కూడా అంతే. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇచ్చే 25 శాతం తగ్గింపు, ఫుల్ టైమ్ విద్యార్థుల మినహాయింపు వేరు, అవి తీసుకోవచ్చు. ఈ రెండింటినీ కలగలిపి, రావలసిన తగ్గింపు వదులుకున్న కుర్రాళ్లను చాలామందిని చూశాను.

పన్ను

మీ తమ్ముడితో పోలిక సరైనదే. ఏడాదికి 30,000 పౌండ్ల దగ్గర ఇక్కడా అక్కడా ఆదాయపు పన్ను దాదాపు ఒకటే, కాస్త ఇక్కడే తక్కువ. 50,000 దగ్గర మాత్రం ఇక్కడ ఏడాదికి సుమారు 1,500 పౌండ్లు ఎక్కువ పడుతుంది. ఇక్కడ 43,662 దాటగానే 42 శాతం మొదలవుతుంది, ఇంగ్లండ్‌లో 50,270 దాకా 20 శాతమే. నేషనల్ ఇన్సూరెన్స్ లండన్ చేతిలో ఉంది కాబట్టి ఆ రెండు అంకెల మధ్య అది 8 శాతంగానే ఉంటుంది. రెండూ కలిపితే ఆ మధ్యలో మీకొచ్చే ప్రతి అదనపు పౌండులో సగం పోతుంది. ఐటీలో ఉన్న మనవాళ్లు సరిగ్గా ఆ సందులోనే ఇరుక్కుంటారు. సీనియర్‌గా ప్రమోషన్ వచ్చిన నెల పేస్లిప్ చూసి మా ఇంటికొచ్చి, "అక్కా, ఇది మీ పార్టీ పనేనా?" అని టేబుల్ మీద పెట్టిన అబ్బాయి ఉన్నాడు. అవును, మా పనే.

ఆ డబ్బు తిరిగి దొరుకుతుందా అంటే మీ ఇంట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి. ఇద్దరు చిన్నపిల్లలు, నెలనెలా మందులు వాడే మనిషి ఉంటే దొరుకుతుంది. పెళ్లికాని, జబ్బులేని ముప్పై ఏళ్ల మనిషికి దొరకదు. సమాజం కోసం అని నేను చెప్పొచ్చు, నమ్ముతాను కూడా. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే, "మరి క్యూ ఎందుకు తగ్గలేదు?" అంటారు. అక్కడికే వద్దాం.

క్యూ ఎక్కడ మొదలవుతుంది

డాక్టరు అపాయింట్‌మెంటు, ఆసుపత్రి క్యూ వేర్వేరు జబ్బులు. జీపీలు, అంటే మనం ముందు వెళ్లే మామూలు డాక్టర్లు, ఎక్కువమంది ప్రభుత్వ ఉద్యోగులు కారు, ఒప్పందం మీద సొంతంగా ప్రాక్టీసు నడుపుతారు. 2017లో మా ప్రభుత్వం పదేళ్లలో 800 మంది జీపీలను పెంచుతామంది, ఆ లెక్క దరిదాపుల్లోకి రాలేదు. అందుకే ఉదయం 8 గంటలకు అందరూ ఒకేసారి ఫోన్ చేసే తంతు. చిన్న చిన్నవాటికి, అంటే మూత్రంలో మంట, చర్మం మీద ఇన్ఫెక్షన్, అలర్జీ లాంటివాటికి, నేరుగా మందుల షాపుకు రండి. ఫార్మసీ ఫస్ట్ అని 2020 నుంచి ఉంది. ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇస్తారు, అదీ ఫ్రీనే. రాత్రిళ్లు 111కి ఫోన్ చేయండి.

ఇక ఆసుపత్రి. ఎమర్జెన్సీకి వచ్చిన నూటికి 95 మందిని నాలుగు గంటల్లో చూసి పంపాలని లక్ష్యం. ఇటీవలి సంవత్సరాల్లో మూడింట రెండు వంతుల మంది విషయంలోనే అది జరుగుతోంది. ఒక ఫిబ్రవరిలో మంచు మీద జారి నా మణికట్టు విరిగింది. పెద్ద ఆసుపత్రే. రాత్రి ఏడింటికి వెళితే ప్లాస్టర్ పడేసరికి తెల్లవారుజాము నాలుగు. బిల్లు సున్నా, సమయం తొమ్మిది గంటలు. పక్కన కూర్చున్న పెద్దాయన ట్రాలీ మీదే నిద్రపోయాడు. నర్సును అడిగితే విసుక్కోలేదు, పైకి వేలు చూపించింది: "పై వార్డులో మంచం ఖాళీ అయితే కదా కిందివాళ్లను పైకి పంపేది."

పై వార్డులో మంచం ఎందుకు ఖాళీ కాదు? స్కాట్లాండ్ మొత్తం మీద ఏ రోజు చూసినా దాదాపు 2,000 మంది జబ్బు తగ్గి, డాక్టరు ఇంటికి వెళ్లొచ్చని చెప్పాక కూడా ఆసుపత్రిలోనే ఉంటున్నారు. ఇంటికెళితే లేపి, స్నానం చేయించి, అన్నం పెట్టి, మందులిచ్చే మనిషి కావాలి. ఆ మనిషి దొరకడు, లేదా కేర్ హోమ్‌లో చోటు దొరకదు. ఆ పని కౌన్సిల్, హెల్త్ బోర్డు కలిసి చూడాలి, 2016 నుంచి దానికో ఉమ్మడి బోర్డు ఉంది. బోర్డు ఉంది, కేరర్లు లేరు.

షాపులో నేను సోమవారం ఉదయం డోసెట్ బాక్సులు నింపుతాను. ఏడు రోజులు, రోజుకు నాలుగు గళ్లు, మొత్తం 28. ఏ గడిలో ఏ మాత్రలో చూసి వేసి, పైన అతికిస్తాం. ఆసుపత్రిలో చేరినవాళ్ల బాక్సు ఆపేయమని ఫోన్ వస్తుంది, ఇంటికి వచ్చేరోజు మళ్లీ మొదలుపెట్టమంటారు. ఈ మధ్య ఆపేసిన బాక్సుల అర మెల్లగా నిండిపోతోంది. ఫలానా పెద్దాయన శుక్రవారం ఇంటికొస్తాడు, బాక్సు సిద్ధం చేయండి అంటారు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్: కేర్ కుదరలేదు, ఇంకో వారం. నింపిన బాక్సు నింపినట్టే ఉంటుంది. నేను గణాంకాలు చదవకముందే ఈ సంగతి ఆ అరను చూసి తెలుసుకున్నాను.

ఇంటి వైపు నుంచి కూడా ఒకసారి చూశాను. మేం ఎప్పుడూ పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతాం. టెనెమెంట్లలో లిఫ్టు ఉండదు, మొదట్లోనే ఎక్కేస్తే తర్వాత సులువు. మూడో అంతస్తులో ఒక ముసలావిడ తలుపు తీసింది. నా చేతిలో మా ఇంటి పాత చెక్క అట్లకాడ ఉంది (కరపత్రం దాంతో లెటర్‌బాక్సులోకి తోస్తాం, అవతల కుక్క ఉంటే వేళ్లు మిగులుతాయి). దాన్ని చూసి నవ్వి, లోపలికి రమ్మంది. కిటికీ పక్కన కుర్చీ, దాని మీద మడతపెట్టిన దుప్పటి. భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. ఆరు వారాల కిందటే ఇంటికి వెళ్లొచ్చన్నారట. రోజుకు నాలుగుసార్లు కేరర్ రావాలి, రెండుసార్లకే మనిషి ఉన్నాడట. ఆవిడ రోజూ రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళుతోంది, బస్సు ఫ్రీనే. నేను ఉమ్మడి బోర్డు గురించి, బడ్జెట్ గురించి ఏదో మొదలుపెట్టాను. "మీదే కదమ్మా ప్రభుత్వం?" అంది. అంతే. ఎవరు ఎటో గుర్తు పెట్టుకునే మా పార్టీ యాప్‌లో ఆవిడ పేరు ఎదురుగా ఏ గుర్తూ పెట్టకుండా కిందికి దిగాను.

మా వాళ్లు దీనికి ప్రయత్నం చేయలేదని కాదు. 2021లో నేషనల్ కేర్ సర్వీస్ అన్నారు, ఆసుపత్రులకు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) లాగా సంరక్షణకు కూడా దేశమంతటికీ ఒకటి. నాలుగేళ్ల చర్చలు, ఖర్చులు అయ్యాక 2025 జనవరిలో వదిలేశారు. కేరర్ల కనీస జీతానికి ప్రభుత్వం డబ్బిస్తోంది, 2025 ఏప్రిల్‌లో అది గంటకు 12.60 పౌండ్లు అయింది. సూపర్‌మార్కెట్‌లో అలమరలు సర్దితే కూడా దాదాపు అంతే వస్తుంది, అక్కడ వానలో నాలుగిళ్లు తిరగక్కర్లేదు. ఇది మా వైపు తప్పు.

లండన్ వైపు తప్పు కూడా చెప్తాను, ఇది మనకు దగ్గర సంగతి. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తెచ్చుకునే వీసా దారి మూసేశారు. కేరళ నుంచి, మన రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి కేర్ హోముల్లో ఎంతమంది ఉన్నారో మీరు మెల్లగా చూస్తారు. పర్మనెంట్ రెసిడెన్సీకి ఐదేళ్లకు బదులు పదేళ్లు చేస్తామన్న ప్రతిపాదన కూడా అదే ఏడాది మేలో వచ్చింది. మీరు టెన్షన్ పడుతున్నది దాని గురించే అయితే, అది హోలీరూడ్‌లో తేలదు. దాని కోసం మీ లండన్ ఎంపీకి రాయండి.

ఎవరిని నమ్మాలి

నేను ఎస్‌ఎన్‌పీకే వేస్తాను. స్వాతంత్ర్యం వస్తే వలస విధానం ఇక్కడి అవసరాన్ని బట్టి పెట్టుకోవచ్చని నా నమ్మకం. 2014లో 55.3 శాతం వద్దన్నారు, 44.7 కావాలన్నారు. ఓడిన నెలల్లోనే 25,000 ఉన్న మా సభ్యత్వం లక్ష వైపు పరిగెత్తింది, ఆ గుంపులో నేనూ ఒకదాన్ని. ఆ వేడి ఇప్పుడు లేదు. 2015లో లండన్ పార్లమెంటుకు 59లో 56 గెలిచిన పార్టీ 2024లో 57లో 9 గెలిచింది. 2023లో పార్టీ నిధుల మీద పోలీసు దర్యాప్తు వార్తలకెక్కిన వారాల్లో తలుపు కొట్టి పార్టీ పేరు చెప్పడానికి సిగ్గేసింది. ఓడల గొడవ మీరు వినే ఉంటారు, దీవులకు రెండు ఫెర్రీలు 9.7 కోట్ల పౌండ్లకు కట్టిస్తామని 2015లో ఒప్పందం. 2018లో రావాల్సిన మొదటిది 2025 జనవరిలో తిరగడం మొదలుపెట్టింది. దీవుల్లో మా వాళ్లు ఎలా తలుపు కొడతారో నాకు తెలియదు, దండం పెట్టాలి.

మిగతావాళ్ల గురించి క్లుప్తంగా. లేబర్ నాయకుడు అనస్ సర్వార్ గ్లాస్గో వాడే, 14 హెల్త్ బోర్డులను మూడు చేస్తామంటున్నారు. బోర్డుల సంఖ్య తగ్గితే కేరర్లు ఎలా పుడతారో నాకు అర్థం కాలేదు, మీరు అడగండి. కన్జర్వేటివ్‌లు పన్ను తగ్గించాలంటారు. ఏ సేవ తగ్గించి అనేది అడగండి. గ్రీన్స్ బస్సులు, అద్దెల మీద గట్టిగా ఉంటారు. లిబరల్ డెమొక్రాట్లు జీపీలు, సంరక్షణ గురించి నిలకడగా మాట్లాడతారు, బలం తక్కువ. వలసలు తగ్గించాలనే రిఫార్మ్ పార్టీని తేలిగ్గా తీసుకోకండి. 2025 జూన్‌లో హామిల్టన్ ఉప ఎన్నికలో లేబర్ గెలిచింది, మేం రెండో స్థానం, వాళ్లు 26 శాతంతో మూడో స్థానంలో మాకు దగ్గరగా వచ్చారు. ఆ పార్టీకి ఓటేస్తానన్న ఒకాయన నాతో తలుపు దగ్గర మాట్లాడిందంతా డాక్టరు అపాయింట్‌మెంటు గురించి, చెత్త గురించి. చివర్లో, "నువ్వు బాగానే ఉన్నావు, నీ గురించి కాదు" అన్నాడు. ఆ మాట మీరూ వింటారు.

తలుపు కొట్టినవాళ్లతో ఎలా మాట్లాడాలి: మాకు కావలసింది మీరు ఎటు అన్నది, అది యాప్‌లో పడుతుంది. కాబట్టి ముందు ఓటెవరికో చెప్పకండి, ముందు మీ సమస్య చెప్పండి. కార్యకర్తకు వాదన అవసరం లేదు, ఒక పేరు, ఒక చిరునామా, ఒక సంగతి అవసరం. మీ వీధిలో చెత్త డబ్బా మూడు వారాలుగా తీయలేదంటే ఆ సాయంత్రమే మా కౌన్సిలర్‌కు మెసేజ్ వెళ్తుంది. దేశం గురించి పావుగంట ఉపన్యాసమిస్తే తల ఊపి కిందికి దిగుతాం. "ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే ముసలివాళ్లకు మీరు కేరర్లను ఎక్కడి నుంచి తెస్తారు?" అని మాత్రం ప్రతి ఒక్కరినీ అడగండి. నన్ను కూడా.

చివరగా మీ పాప బస్సు కార్డు గురించి అడిగారు. ఐదేళ్లు నిండితే కార్డు కావాలి, ఐదు లోపైతే అక్కర్లేదు. యంగ్ స్కాట్ కార్డు అని, చాలా బడుల్లో వాళ్లే దరఖాస్తు చేయిస్తారు, ముందు బడి ఆఫీసులో అడగండి. లేదంటే ఆన్‌లైన్‌లో పాప ఫొటో, గుర్తింపు, మీ చిరునామా రుజువు పెట్టాలి. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీ పేరున ఉంటే అది సరిపోతుంది. కార్డు పోస్టులో వస్తుంది, కాబట్టి మీ బజర్ మీద పేరు చీటీ అతికించారో లేదో ఒకసారి చూసుకోండి. పేరు లేని బజర్లను మేమూ దాటేస్తాం, పోస్ట్‌మ్యాన్ కూడా.